ఇంటింటికీ తిరిగిన తీర్మానాల పుస్తకం

మహిళా సర్పంచ్ గారి భర్త మీద జోకు వెయ్యని పంచాయతీ సెక్రటరీని నా సర్వీసులో చూడలేదు. నేనూ వేశాను. బాగానే పేలేవి. మండల ఆఫీసులో నెలవారీ సమీక్ష అయ్యాక టీ తాగుతూ, ఎవరి ఊళ్ళో భర్తగారు ఎంతవరకూ వెళ్ళారో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. ఒకాయన పంద్రాగస్టుకి జెండా తనే ఎగరేశాడు. ఒకాయన భార్య సంతకం భార్యకన్నా చక్కగా పెడతాడు. ఇంకొకాయన విజిటింగ్ కార్డు మీద సర్పంచ్ అని లావుపాటి అక్షరాలతో వేయించుకుని, భర్త అన్న మాట కింద చీమంత చేయించాడు. నవ్వినవాళ్ళలో సగం మందిమి ఆడవాళ్ళమే. ఆ భర్తగారి చేతికి ఆఫీసు పుస్తకం అందించింది ఎవరని మాలో ఒక్కరూ అడగలేదు. అడిగితే టీ చల్లారిపోయేది.

ఇప్పుడు గ్రామ సచివాలయాల్లో ఉద్యోగాలకొచ్చిన అమ్మాయిలు మార్చి నెల రాగానే నాకు ఫోన్ చేస్తారు. మోకాళ్ళు మొరాయించి, సర్వీసు మిగిలుండగానే విరమణ తీసుకుని ఏలూరులో కూర్చున్నాను కాబట్టి దొరుకుతాను. రాజకీయాల్లో స్త్రీ, సాహిత్యంలో స్త్రీ అంటూ ఏదో ఒకటి మాట్లాడమంటారు, శాలువా కప్పుతారు. అక్కడ ఈ సంగతి చెప్పలేదు. శాలువా కప్పించుకుంటూ చెప్పే సంగతి కాదిది. ఇక్కడ రాస్తున్నాను, చదవండి.

ముందు నా గురించి. పుట్టింది తాడేపల్లిగూడెం, ఎమ్మే తెలుగు చదివింది ఏలూరులో. పొద్దున పన్నుల రసీదులు, సాయంత్రం కథలు. సాహిత్య సభల్లో నేను ప్రశ్న అడగడానికి లేచానంటే అధ్యక్షులవారు వాచీ చూసుకునేవారు. మగ రచయితలు ఆడదాన్ని ఏడిపించడం తప్ప ఏం రాశారని నిలదీసేదాన్ని. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు, ఈరోజుకీ అడుగుతాను. కాకపోతే అడిగేటప్పుడు నేను ఎక్కడ నుంచుని అడుగుతున్నానో చూసుకోలేదు.

అప్పుడు నేను సెక్రటరీగా ఉన్నది మండవల్లి దాటి కొల్లేటి వైపు వెళ్తే తగిలే ఊళ్ళలో ఒకటి. పేరు చెప్పను, అక్కడివాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. మూడు పక్కలా చేపల చెరువులు, నాలుగో పక్క రోడ్డు. కనుచూపు మేరా నీళ్ళే. తాగడానికి మాత్రం ఒకే ఒక్క చెరువు, ఎండాకాలం ముందు కాలవ నీళ్ళతో నింపుకుని, ఇసక తొట్లలో వడకట్టుకుని, కుళాయిలకి వదులుకునేది. దాన్ని ఆనుకుని నాలుగెకరాల వరి చేను ఉండేది. ఆ చేను వరి చేనుగా ఉన్నన్నాళ్ళూ ఊరికి భయం లేదు. అక్కడ చేపల చెరువు తవ్వితే దాణా, మందులు, కుళ్ళు అన్నీ గట్టులోంచి ఊటగా దిగి మంచినీళ్ళలో కలుస్తాయి. ఇది ఆ ఊళ్ళో ఇంజనీరు చెప్పక్కర్లేదు, బిందె ఎత్తుకున్న ఎవరైనా చెబుతారు.

సర్పంచ్ పదవి ఆసారి ఆడవాళ్ళకి రిజర్వయింది. గెలిచినావిడకి ముప్ఫై అయిదు దాటి ఉంటాయి, పదో తరగతి పాసయింది. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది ఆవిడే అని విన్నాను, విని ఊరుకున్నాను. భర్త ఊళ్ళోకెల్లా పెద్ద ఆసామి చెరువుల మీద సూపర్‌వైజరు. దాణా ఎప్పుడు వెయ్యాలి, వల ఎప్పుడు లాగాలి, లారీ ఎప్పుడు రావాలి అన్నీ ఆయనే చూసుకునేవాడు. నామినేషన్ వేయించింది ఆసామి, తిరిగింది భర్త, గెలిచింది ఆవిడ. గెలిచాక ఆఫీసుకి వచ్చేది మాత్రం భర్త. సర్పంచ్ కుర్చీలో కూర్చునేవాడు, కాని ఆ కుర్చీ ఆయనది కూడా కాదు. ఫోన్ మోగితే లేచి నుంచుని "ఆయ్, అలాగేనండి" అనేవాడు. ఆ ఫోన్ ఆసామిదని అందరికీ తెలుసు.

ఇక అసలు సంగతి, మా పుస్తకం. పంచాయతీ సమావేశం అంటే నిబంధన ఏమిటి? ముందుగా నోటీసు పంపాలి, సభ్యులంతా వచ్చి కూర్చోవాలి, మాట్లాడుకోవాలి, తేల్చుకున్నది పుస్తకంలో రాయాలి, రాసింది విని సంతకాలు పెట్టాలి. మా దగ్గర ఇది తిరగబడి నడిచేది. మొదట సంతకాలు, చివర తీర్మానం, మధ్యలో మాటలు లేవు. అటెండరు పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి మోపెడ్ మీద ఇంటింటికీ తిప్పేవాడు. ఒక సభ్యుడు దాణా బస్తాల మీద పెట్టి సంతకం చేసేవాడు, ఒకావిడ నాట్లలోంచి గట్టెక్కి బురద చెయ్యి కొంగుకి తుడుచుకుని చేసేది. ఈ పద్ధతి నేను కనిపెట్టలేదు, నా ముందున్నవాళ్ళ నుంచి వచ్చింది. నేను దాన్ని మెరుగుపరిచాను. ఎవరు ఎక్కడ పెట్టాలో తికమక పడకుండా పెన్సిల్‌తో గుర్తులు పెట్టి పంపేదాన్ని. ఎవరి పనీ చెడకూడదని నా ఉద్దేశం. అంత మంచిదాన్ని.

సర్పంచ్ గారింటికి మాత్రం నేనే వెళ్ళేదాన్ని, మర్యాదగా ఉంటుందని. భర్తగారు కుర్చీ వేసేవాడు. ఆవిడ వంటింట్లోంచి వచ్చేది, గుర్తు దగ్గర సంతకం పెట్టేది, టీ ఇచ్చి లోపలికి వెళ్ళేది. మూడేళ్ళలో నేను ఆవిడతో అన్న మాటలు "బావున్నారాండీ", "ఇక్కడండీ". సిగ్గరి అనుకున్నాను. అనుకోవడమే కాదు, కథ కూడా రాశాను.

ఆ కథకి ఒక పోటీలో బహుమతి వచ్చింది. అందులో సర్పంచ్ అయిన ఇల్లాలు ఉంటుంది. భర్త ఆవిడ కుర్చీలో కూర్చుంటాడు, ఆసామి ఆజ్ఞలు వేస్తాడు, అత్తగారు సాధిస్తుంది. ఆవిడ కథ మొదట్లో టీ కలుపుతుంది, చివర్లోనూ టీ కలుపుతుంది, మధ్యలో ఒక్క మాట మాట్లాడదు. ఆ మౌనం చాలా శక్తివంతంగా ఉందని న్యాయనిర్ణేతలు మెచ్చుకున్నారు. మండలంలోని మహిళా ప్రతినిధుల వాట్సాప్ గ్రూపులో ఆ కథని నేనే పెట్టాను. చప్పట్ల బొమ్మలు చాలా వచ్చాయి.

ఆ తర్వాత ఒక శుక్రవారం. సాయంత్రం నాలుగింటికి ఏలూరులో సభ, విషయం చట్టసభల్లో స్త్రీ గొంతు, వక్తల్లో నేనొకదాన్ని. రెండు దాటింది, కైకలూరు వెళ్ళే ఆటో బయట ఆగి ఉంది. భర్తగారు కాగితం పట్టుకుని వచ్చాడు. ఫలానా సర్వే నంబరులో చేపల చెరువు తవ్వుకోవడానికి పంచాయతీకి అభ్యంతరం లేదని తీర్మానం కావాలి. ఆ నెల సమావేశం పేజీలో సంతకాలు అప్పటికే పడి ఉన్నాయి, వాటి పైన చోటుంది.

"సర్పంచ్ గారికి తెలుసాండీ?" అని అడిగాను.

"తెలుసండీ. తనే వెళ్ళి రాయించమంది."

రాశాను. అయిదు నిమిషాలు పట్టింది. నా దస్తూరి బావుంటుంది. సర్వే నంబరు ఏ చేనుదో చూడలేదు, చూడాలంటే బీరువాలోంచి పటం తియ్యాలి. నకలు ఇచ్చి, ఆటో ఎక్కి, కైకలూరులో బస్సు పట్టుకుని, ఏలూరులో వేదిక ఎక్కి, నిర్ణయాలు జరిగే చోట స్త్రీ గొంతు వినపడాలని అరగంట మాట్లాడాను. నాకు ఆ రోజు అపరాధ భావం కలిగిందని రాస్తే అబద్ధం. బస్సులో ఎంచక్కా కునుకు తీశాను.

మూడు వారాలకి మంచినీళ్ళ చెరువు పక్క చేలోకి పొక్లెయిన్ దిగింది. ఆపండని ఆడవాళ్ళు వెళ్తే, మీ సర్పంచే ఒప్పుకుంది, ఇదిగో పుస్తకంలోంచి తీసిన నకలు అని కాగితం చూపించారు. వాళ్ళు అక్కణ్ణించి తిన్నగా ఆవిడ ఇంటికి వెళ్ళి ఖాళీ బిందెలు గుమ్మం నిండా పేర్చారు. నేను అక్కడ లేను గాని, అటెండరు వచ్చి చెప్పాడు. ఓట్లకొచ్చినప్పుడు అక్కా, పిన్నీ అన్నదానివి, ఇప్పుడు మా పిల్లలకి చేపల కడుగు తాగిస్తావా అని ఒక ముసలావిడ అందిట. సర్పంచ్ గారు తల వంచుకుని నిలబడిందిట.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి వచ్చింది. ఒక్కతే, నడిచి. తన కుర్చీలో కూర్చోలేదు, జనం కూర్చునే బెంచీ మీద కూర్చుని పుస్తకం అడిగింది. ఇచ్చాను. ఆ పేజీ తీసి పైకి చదివింది. తడుముకోలేదు. ప్రతి మాటకీ దాని బరువు దానికి ఇచ్చి, ఆగవలసిన చోట ఆగి చదివింది. వారం వారం జనం ముందు చదివే గొంతని అప్పుడు తెలిసింది నాకు.

"ఇది ఎప్పుడు అనుకున్నామండీ?"

"ఆ నెల మీటింగులో..."

"మీటింగు ఎక్కడయ్యిందండీ?"

నేను పెన్ను మూత పెట్టాను, తీశాను.

"నేను సంతకం పెట్టినప్పుడు ఈ రాత లేదండీ. ఆ రోజు గారెలు వేస్తున్నాను, చేతికి నూనె ఉంది. ఇదిగోండి మరక."

సంతకం పక్కన వేలి ముద్దర మేర కాగితం పారదర్శకంగా మెరుస్తోంది. నేను సర్దుకుని, మీకు తెలుసని మీవారు చెప్పారండీ అన్నాను.

"నన్నడగొచ్చు కదండీ. మా ఇల్లు తెలుసు మీకు. నెలనెలా వస్తారు."

పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. "మీ కథ చదివానండి. గ్రూపులో పెట్టారు కదా. రెండుసార్లు చదివాను" అంది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, అంతటి సమయంలోనూ నా మనసు మెచ్చుకోలు కోసం ఒకడుగు ముందుకు వేసింది.

"బావుందండి. అందులో మొగుడున్నాడు, ఆసామి ఉన్నాడు, అత్తగారుంది. పుస్తకం పట్టుకుని ఇంటికొచ్చే సెక్రటరీ లేదేంటండీ?"

ప్రొఫెసర్లతో వాదించాను, సంపాదకులతో వాదించాను. ఆవిడతో మాత్రం "అది కథండీ" అన్నాను. "అలాగేనండి" అంది ఆవిడ.

అమ్మాయిలూ, ఇక్కడొక మాట. నోరులేని ఆడదాన్ని గురించి రాయడం రచయిత్రికి చాలా సుఖం. ఆ పాత్ర ఎదురు చెప్పదు. ఆవిడ నోరు నొక్కినవాళ్ళందరినీ మనం వరసగా నిలబెట్టి కడిగెయ్యొచ్చు, మన పేరు ఆ వరసలో లేకుండా చూసుకునే వీలు కలం పట్టినవాళ్ళకే ఉంటుంది.

ఇప్పుడేం చెయ్యొచ్చని అడిగింది. గ్రామసభ పెట్టి రద్దు చేయించొచ్చని చెప్పాను. నోటీసు రాస్తే చదివి, రెండు చోట్ల అర్థం అడిగి, సంతకం పెట్టి వెళ్ళింది. తీర్మానం నిలిస్తే చెరువు పాడవుతుంది, అంతకన్నా ముందు ఊరి ఆడవాళ్ళ ముందు ఆవిడ మొహం చెల్లదు. రద్దవ్వాలంటే ఆ సమావేశం అసలు జరగలేదని తేలాలి. అది తేల్చగలిగినదాన్ని నేను.

సభకి నాలుగు రోజులు గడువు. మొదట భర్తగారు వచ్చాడు. ఈసారి కుర్చీలో కూర్చోలేదు. "మేడమ్ గారండీ, మీరైనా చెప్పండి దానికి. ఇది రద్దయితే చెరువు మీద నా పని పోద్దండి. పిల్లలు చదువుకుంటున్నారు" అన్నాడు. చెడ్డవాడు కాదు. నేను నా కథలో అతన్ని పులిలా రాశాను, ఎదురుగా చూస్తే ఆసామి ఫోనుకి ఉలిక్కిపడే మనిషి.

తర్వాత మండల ఆఫీసు నుంచి మా పైఅధికారి ఫోన్. ఆయనా నేనూ పదేళ్ళుగా టీ జోకుల స్నేహితులం. "మీటింగ్ జరిగిందనండి చాలు. సంతకాలున్నాయి కదా. ఆవిడ మర్చిపోయిందందాం. ఆడవాళ్ళకి ఇంటి పనుల్లో ఇవన్నీ ఎక్కడ గుర్తుంటాయి" అన్నాడు. ఒక ఆడదానితో అంటున్నానన్న స్పృహ కూడా లేదు ఆయనకి. నాకు కోపం రాలేదు. అదే విచిత్రం. పదోన్నతి జాబితాలో నా పేరుంది. రెండు రోజులపాటు ఆయన సలహా నాకు చాలా సబబుగా కనిపించింది. ఆవిడ నిజంగానే మర్చిపోయి ఉండొచ్చని కూడా ఒక పూట నమ్మాను.

సభ బడి వరండాలో, పొద్దున పదింటికి. ఎప్పుడూ పదిమంది రాని గ్రామసభకి ఆ రోజు బడి ఆవరణ చాలలేదు. ఆడవాళ్ళు బిందెలతోనే వచ్చారు. మా పైఅధికారి మధ్య కుర్చీలో, ఆసామి వెనకాల గోడ పక్కన చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా. భర్తగారు గేటు దగ్గర.

ఆవిడ లేచి తీర్మానం చదివింది. మైకు అక్కర్లేకపోయింది. చదివి పుస్తకం దించి, "ఈ సంతకం నాదేనండి. దొంగ సంతకం కాదు. పైన ఏం రాస్తారో అడక్కుండా మూడేళ్ళ నుంచి పెడుతున్నాను. ఆ తప్పు నాది, మీరు నన్ను తిట్టింది న్యాయమే. కాని ఈ మాట నేను అన్లేదండి. సభ్యులెవ్వరూ అన్లేదు. మేం కూర్చోనేలేదు" అంది.

గొణుగుడు మొదలయ్యింది. మా పైఅధికారి గొంతు సవరించుకుని నావైపు తిరిగాడు. "సెక్రటరీ గారూ, ఆ నెల సమావేశం నిబంధనల ప్రకారమే జరిగింది కదండీ?" ప్రశ్నలోనే జవాబు పెట్టి అందించాడు. నేను అవునంటే చాలు.

లేచాను. "సాధారణంగా చిన్న పంచాయతీల్లో సభ్యుల వ్యవసాయ పనుల సౌకర్యం దృష్ట్యా..." అని మొదలుపెట్టాను. వేదికల మీద మాట్లాడినదాన్ని కదా, ఎక్కడా తెగకుండా రెండు నిమిషాలు సాగదీశాను. అవునూ లేదు, కాదూ లేదు. ఎవరికీ ఏమీ అర్థం కాకుండా చూసుకున్నాను.

"మేడమ్ గారండీ" అంది ఆవిడ, విసుగు లేకుండా. "కూర్చున్నామా లేదా, అదొక్కటి చెప్పండి."

"లేదండీ."

"వెనకాలవాళ్ళకి వినపళ్ళేదండి."

"మీటింగ్ జరగలేదు. సంతకాలు ముందు తీసుకున్నాను. తీర్మానం తర్వాత నేను రాశాను."

దీన్ని ధైర్యం అనకండి, దయచేసి. ఆవిడ తన తప్పు ముందుగానే ఒప్పేసుకుంది. ఇక నేను బొంకాలంటే ఆవిడకి మతి లేదని ఊరందరి ముందూ అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చిన మాట నిజం. ఆ చదివిన గొంతు విన్నాక మాత్రం పైకి రాలేదు, అంతే.

చేతులెత్తమంటే ఎత్తారు, అభ్యంతరం లేదన్న తీర్మానం రద్దయింది, సాయంత్రానికి పొక్లెయిన్ చేలోంచి వెళ్ళిపోయింది. ఆసామి ఆ వేసవిలోనే ఊరికి దూరంగా ఇంకో చోట తవ్వుకున్నాడు, ఆయనకి పోయిందేమీ లేదు. భర్తగారి పని వారంలో పోయింది. కొల్లేటికోట వైపు రొయ్యల చెరువుల మీద ఇంకో పని దొరికేదాకా ఆరు నెలలు ఆ ఇల్లు ఎలా గడిచిందో నాకు తెలుసు. ఆయన నాతో మళ్ళీ మాట్లాడలేదు. నాకు ఛార్జి మెమో వచ్చింది, పదోన్నతి జాబితాలోంచి పేరు పోయింది, ముదినేపల్లి వైపు బదిలీ అయింది. మా పైఅధికారి టీకి పిలవడం మానేశాడు. తర్వాతి ఎన్నికల్లో ఆ సీటు రిజర్వు కాలేదు. ఆవిడ మళ్ళీ నిలబడింది, ఆసామి మేనల్లుడి మీద ఓడిపోయింది. ఆవిడకి ఓటెయ్యనివాళ్ళలో ఆ బిందెల ఆడవాళ్ళు కూడా ఉన్నారు. మీ ఉపన్యాసాలకి పనికొచ్చే ముగింపు కాదని తెలుసు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

అయితే నా బదిలీ కాగితం రాకముందు ఒక సమావేశం జరిగింది. నా సర్వీసులో నిజంగా జరిగిన మొదటి సమావేశం. సభ్యులందరూ వచ్చారు. ఇద్దరు ఆడ సభ్యులకి ఆఫీసు లోపల ఫ్యాను ఉందని అప్పుడే తెలిసింది. మంచినీళ్ళ చెరువు చుట్టూ కంచె వెయ్యాలని, గట్టు మీదికి గేదెల్ని తోలకూడదని సర్పంచ్ అంది. గేదెలున్న సభ్యులిద్దరు ఒప్పుకోలేదు. ఎండాకాలం మేం వాటిని ఎక్కడ కడుక్కోవాలని దెబ్బలాడారు. గంటన్నర వాదించుకున్నారు. నాకు తలనొప్పి వచ్చింది. పుస్తకం మోపెడ్ మీద తిప్పితే ఇదంతా ఉండేది కాదు కదా అని కూడా అనిపించింది, దాచడం ఎందుకు. చివరికి చేతులెత్తితే కంచె వైపు ఎక్కువమంది ఉన్నారు.

నేను అలవాటు చొప్పున మొదటి వాక్యం చకచకా రాసేశాను. ఆవిడ చదవమంది. సభ్యులందరూ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది అని చదివాను.

"ఏకగ్రీవం అంటే అందరూ ఒప్పుకున్నట్టు కదండీ?"

"అవునండీ."

"వాళ్ళిద్దరూ ఒప్పుకోలేదు కదండీ."

"ఫార్మాట్ అదేనండీ. ఎప్పుడూ అలాగే రాస్తాం."

"కాదండీ. వాళ్ళు ఒప్పుకోలేదని రాయండి. ఎందుకు ఒప్పుకోలేదో అది కూడా రాయండి. గేదెలకి చోటు చూపించాలి మనం."

ఆ మాట కొట్టేసి, కొట్టేసిన చోట పొట్టి సంతకం పెట్టి, ఇద్దరి పేర్లూ, వాళ్ళ అభ్యంతరమూ రాశాను. గంటన్నర ఆవిడతో దెబ్బలాడిన ఆ ఇద్దరూ లేచొచ్చి, నా భుజం మీదుగా వంగి, తమ మాట సరిగ్గా పడిందో లేదో చూసుకున్నారు. ఆవిడ అందరిచేతా సంతకాలు పెట్టించి, ఆఖర్న మొత్తం మరొక్కసారి తనలో తను చదువుకుని, అప్పుడు సంతకం పెట్టింది.